ఎప్పుడు ఆగుతోంది?

షెడ్డుకొచ్చినవాళ్లు చెప్పే మాట సాధారణంగా ఒకటే: "బండి ఆగిపోతోందండీ." డాక్టరు దగ్గరికి వెళ్లి "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకోవడం లాంటిదే ఇది. డాక్టరైతే ఇంకో పది ప్రశ్నలు వేస్తాడు. నాలుగు బళ్లు బానెట్లు తెరుచుకుని వరసలో ఉన్న షెడ్డులో మేస్త్రికి అంత తీరిక దొరకదు. ప్లగ్గులు మారుస్తాడు. వారం తిరక్కుండా మళ్లీ ఆగితే ఎయిర్ ఫిల్టరు, ఆ తర్వాత ఇగ్నిషన్ కాయిల్, చివరికి పెట్రోలు పంపు. బిల్లు పెరుగుతుంది, జబ్బు మాత్రం కదలదు. ఇందులో మేస్త్రి మోసం ఉందని నేననుకోను. మనమిచ్చిన సమాచారానికి అంతకంటే మంచి వైద్యం దొరకదు.

ఇది చదివి మీరు రెంచీ పట్టాలని నేను కోరడం లేదు. కారు ఎప్పుడు ఆగుతోందో గమనించి, నాలుగు ముక్కల్లో చెప్పగలిగితే చాలు. ఎందుకు ఆగుతోందన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు అందులోనే దొరుకుతుంది.

ఫోన్‌లో ఒక నోట్ తెరిచి, ఆగిన ప్రతిసారీ కొన్ని సంగతులు రాయండి. ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కిందా. బండి నడుస్తుండగా ఆగిందా, సిగ్నల్ దగ్గర నిలబడి ఉండగానా. కాలు ఆక్సిలరేటర్ మీద ఉందా. ఏసీ వేసి ఉందా. ట్యాంకులో పెట్రోలు ఎంతుంది, ఎప్పుడు కొట్టించారు. మళ్లీ ఎంతసేపటికి స్టార్టయింది. ముందురోజు వాన పడి ఉంటే అదీ రాయండి. ఇలా కొన్నిసార్లు రాసేసరికి ఒక వరస కనిపించడం మొదలవుతుంది.

అన్నిటికంటే ముందు, ఆగిన తీరు చూడండి. స్విచ్చి కట్టేసినట్టు టక్కున ఆగిందా? లేక వణికి, దగ్గి, ఆర్‌పీఎం ముల్లు కాసేపు కిందికీ పైకీ ఊగి అప్పుడు ఆగిందా? టక్కున ఆగితే ముందు కరెంటు వైపు వెతకాలి: ఇగ్నిషన్ స్విచ్, రిలే, క్రాంక్ సెన్సర్, బ్యాటరీ టెర్మినల్, ఎర్త్ వైరు. ఊగిసలాడి ఆగితే గాలి, పెట్రోలు పాళ్లలో తేడా వచ్చిందని అనుమానించాలి. ఇంకొకటి కూడా చూడండి. ఇంజిన్ ఆగిన క్షణంలో డాష్‌బోర్డు మీద లైట్లు, పాట వినిపిస్తున్న స్టీరియో కూడా పోయాయా? అన్నీ ఒకేసారి పోతే ఇంజిన్‌ని ఇక అనుమానించనక్కర్లేదు. బ్యాటరీ దగ్గరో ఇగ్నిషన్ స్విచ్ దగ్గరో కరెంటు తెగుతోంది. బ్యాటరీ టెర్మినల్‌ని చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. కదిలితే బిగించాలి, తెల్లగా ఉప్పు పట్టి ఉంటే శుభ్రం చేయించాలి. షెడ్డు ఖర్చు లేకుండా ఇక్కడితోనే తేలిపోయే కేసులు తక్కువేమీ కాదు.

సెల్ఫ్ కొట్టగానే స్టార్టయి, రెండు సెకన్లలో ఆగిపోతోందా? మళ్లీ కొడితే మళ్లీ అంతేనా? డాష్‌బోర్డు మీద తాళం గుర్తో, కారు మీద తాళం ఉన్న బొమ్మో మినుకుమినుకుమంటోందేమో చూడండి. అది ఇమ్మొబిలైజర్. తాళంచెవిలోని చిప్పుని కారు గుర్తుపట్టకపోతే కొన్ని బళ్లు సెల్ఫే తిరగనివ్వవు, కొన్ని స్టార్టయి వెంటనే పెట్రోలు ఆపేస్తాయి. ఇంట్లో మూలపడున్న రెండో తాళంచెవి తెచ్చి పెట్టండి. దాంతో నిలబడితే పంపూ ప్లగ్గుల జోలికి వెళ్లక్కర్లేదు.

తాళంతో ఏ తేడా లేకపోతే పంపు మాట వినండి. తాళం ఆన్‌లోకి తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా ఆగండి. కిటికీలు మూసి, ఏసీ ఫ్యాన్ ఆపితే వెనకసీటు కింద నుంచి సన్నగా "జుయ్"మని రెండు మూడు సెకన్లు వినిపిస్తుంది. పెట్రోలు పంపు లైనులో ఒత్తిడి నింపుకునే చప్పుడది. ఇంజెక్షన్ ఉన్న మామూలు పెట్రోలు కార్లలో ఆ ఒత్తిడి దాదాపు 3 నుంచి 4 బార్లు ఉంటుంది. చప్పుడు వస్తే పంపు బాగున్నట్టేనని కాదు, ఒత్తిడి చాలకపోవచ్చు. చప్పుడే రాకపోతే మాత్రం పంపు కొనేముందు దాని ఫ్యూజు, రిలే చూడమని మేస్త్రికి చెప్పండి. పాత హోండాల్లో మెయిన్ రిలే లోపలి సోల్డర్ పగుళ్లిచ్చి, ఎండలో పెట్టిన బండి స్టార్టవక, సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే తంతు ఆ కాలపు మెకానిక్కులకు కొట్టినపిండి.

ఇక ఎక్కువమందిని వేధించేది ఐడిల్ సమస్య. రేస్ ఇస్తున్నంతసేపూ బాగుంటుంది, కాలు తీస్తే ప్రాణం పోతుంది. సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కగానే, క్లచ్ నొక్కగానే, ఏసీ కంప్రెసర్ పడగానే ఆగుతుంది. కాలు తీసినప్పుడు థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుంటుంది. వేడెక్కిన ఇంజిన్‌ని నిమిషానికి 700 నుంచి 900 చుట్ల మధ్య నిలబెట్టడానికి సన్నటి సందులోంచి కాస్త గాలి అందాలి. ఏళ్ల తరబడి నూనె ఆవిర్లు వచ్చి రేకు అంచున నల్లగా మసిపొర కడితే ఆ సందు పూడుకుపోతుంది. గాలి గొట్టం ఊడదీసి టార్చి వేసి చూస్తే కంటికే కనిపిస్తుంది: మెరవాల్సిన అంచు చుట్టూ కాటుక పెట్టినట్టు ఉంటుంది. థ్రాటిల్ బాడీ క్లీనర్ గుడ్డ మీద కొట్టి తుడిపిస్తే సరి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బండిలో మాత్రం తాళం ఆన్‌లో ఉండగా రేకుని వేలితో నెట్టకూడదు, మోటారు గేర్లు పాడవుతాయి.

తుడిచాక, లేదా బ్యాటరీ తీసి పెట్టాక, ఐడిల్ ముందుకంటే అధ్వాన్నంగా ఉందని కంగారుపడేవాళ్లున్నారు. మసి పట్టిన సందుకి అలవాటుపడ్డ కంప్యూటర్ కొత్త లెక్క నేర్చుకోవాలి. దానికి ఒక్కో మోడలుకి ఒక్కో పద్ధతి ఉంటుంది. కొన్నిటికి స్కానర్‌తో చేయాలి, కొన్నిటికి ఇంజిన్‌ని కదపకుండా కాసేపు అలా నడవనిస్తే చాలు. క్లీనింగ్ చేసిన మేస్త్రి ఈ పని కూడా చేశాడో లేదో అడగండి.

ఇక్కడో పాత అలవాటు గురించి చెప్పాలి. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన నాటినుంచి చాలా ఏళ్లు మన బళ్లు కార్బురేటర్ మీదే నడిచాయి. ఐడిల్ నిలబడకపోతే "స్లో పెంచు" అనేవాళ్లం, స్క్రూడ్రైవరుతో ఒక మర తిప్పితే అయిపోయేది. ఇంజెక్షన్ వచ్చిన బళ్లలో ఐడిల్‌ని చూసుకునేది కంప్యూటర్. థ్రాటిల్ రేకు ఆగేచోట ఉండే స్క్రూని ఫ్యాక్టరీలో ఒకసారి అమర్చి వదిలేస్తారు. ఇప్పటికీ దాన్ని తిప్పే షెడ్లున్నాయి. తిప్పితే ఆ పూటకి ఐడిల్ పెరుగుతుంది, అసలు జబ్బు కనపడకుండా పోతుంది, ఆ తర్వాత చూసేవాళ్లకి ఏ లెక్కా కుదరదు. మీ బండిలో ఆ స్క్రూ జోలికి వెళ్లొద్దని ముందే చెప్పేయండి.

సందు పూడుకుపోవడానికి సరిగ్గా ఎదురు జబ్బు, లెక్కలోకి రాని గాలి లోపలికి చేరడం. దీన్నే వాక్యూమ్ లీక్ అంటారు. రబ్బరు గొట్టాలు ఎండకి పెళుసెక్కి చీలినా, ఎలుక కొరికినా వస్తుంది. వానాకాలంలో నాలుగు రోజులు కదలని కారు బానెట్ కింద ఎలుక కాపురం పెట్టడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు, కాబట్టి ముందు కొరికిన గుర్తులు, పెంటికలు, గడ్డిపరకలు వెతకండి. ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగా చెవి పెట్టండి. లీక్ పెద్దదైతే "స్స్" అని బుసకొడుతుంది. మూడడుగుల రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస గొట్టాల జాయింట్ల వెంబడి తిప్పితే చిన్న లీకు కూడా దొరుకుతుంది, బెల్టూ ఫ్యానూ తగలకుండా చూసుకోవాలంతే. చొక్కా చేతులు వేలాడకూడదు. వేడి ఇంజిన్ మీద క్లీనరో పెట్రోలో చల్లి, చుట్లు మారతాయేమోనని చూసేవాళ్లూ ఉన్నారు. అంటుకుంటే ఆర్పడానికి వ్యవధి ఉండదు, ఆ పని చెయ్యనివ్వొద్దు. బ్రేకు పెడల్ నొక్కినప్పుడే ఐడిల్ మారి ఆగబోతుంటే, పెడల్ వెనక ఉండే బూస్టర్‌నీ దాని గొట్టాన్నీ ముందు చూడమనండి. ఇది ఇంజిన్‌తో పాటు బ్రేకుల వ్యవహారం కూడా, వాయిదా వేయకూడదు.

నాకు ఎంతో ఇష్టమైన కేసు పెట్రోలు బంకుది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి కారు తెచ్చినాయన బంకు మీద మండిపడుతున్నాడు. "అక్కడ కొట్టించిన ప్రతిసారీ ఇదే గోల బాబూ. స్టార్టవుతుంది, గుడగుడమని ఆగుతుంది. రేస్ ఇస్తూ తొక్కితే గానీ రోడ్డెక్కదు. కల్తీ కాకపోతే మరేంటి?" మేస్త్రి అడిగింది ఒక్కటే: "రోడ్డెక్కాక బాగుంటదా సార్? మళ్లీ కొట్టించేదాకా ఆగదా?" ఆగదన్నాడాయన. కల్తీ పెట్రోలైతే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఏడిపించాలి కదా. మేస్త్రి ఇంజిన్ ఆపి, ఇన్‌టేక్ పక్కనున్న అగ్గిపెట్టెంత నల్లటి వాల్వ్ ఊడదీసి, గొట్టం మూతిలో నోటితో ఊదాడు. గాలి సాఫీగా అవతలికి పోయింది. వైరు పెట్టకుండా ఉన్నప్పుడు అది పూర్తిగా మూసుకుని ఉండాలి.

దాని పేరు పర్జ్ వాల్వ్. ట్యాంకులో పుట్టే పెట్రోలు ఆవిర్లు గాల్లో కలవకుండా బొగ్గు నింపిన డబ్బాలో పట్టి ఉంచి, ఇంజిన్ వేడెక్కి నడుస్తున్నప్పుడు కొద్దికొద్దిగా లోపలికి వదిలే ద్వారం అది. తెరుచుకుని ఉండిపోతే, బంకులో ట్యాంకు నిండుతున్నప్పుడు బయటికి నెట్టుకొచ్చే ఆవిరంతా నేరుగా ఇన్‌టేక్‌లో చేరుతుంది. పెట్రోలు పాలు ఎక్కువై ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. ఒకటి రెండు నిమిషాలు రేస్ ఇస్తే ఆవిరి తీరిపోయి కుదుటపడుతుంది. దీనికి మన వంతు సాయం కూడా చేస్తుంటాం. గన్ను ఆటోమేటిగ్గా టక్కుమని కట్టయ్యాక కూడా "రౌండ్ ఫిగర్ చేసెయ్ తమ్ముడూ" అంటాం. ఆ పై చుక్కలు ఒక్కోసారి పెట్రోలుగానే బొగ్గు డబ్బాలోకి దిగి దాన్ని పాడుచేస్తాయి. కట్టయిన దగ్గరే ఆపేయించండి.

నిజంగానే పెట్రోల్లో నీళ్లున్న సందర్భం వేరు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ కొంతవరకు నీటిని తనలో కలుపుకుంటుంది. ఆ హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి. పంపు పీల్చుకునేదీ అడుగునుంచే. అందుకే బంకు దాటి కొద్ది దూరం పోయాక మిస్సింగ్ మొదలై, బండి ఆగి, ఎంత సెల్ఫ్ కొట్టినా మళ్లీ నిలబడదు. మేస్త్రి చేత కొంచెం పెట్రోలు తీయించి గాజుసీసాలో పోసి కదపకుండా ఉంచితే అడుగున విడిగా ఒక పొర కనిపిస్తుంది. అలా ఉంటే సెల్ఫ్ కొడుతూ కూర్చోవద్దు, ట్యాంకు దించి కడిగించాల్సిందే. బంకు రసీదు దాచండి, ఆ సీసా కూడా.

వేడెక్కాకే ఆగి, అరగంట చల్లబడితే బుద్ధిగా స్టార్టయ్యే బండి ఇంకో తరహా. ఇక్కడ నా మొదటి అనుమానం క్రాంక్ సెన్సర్ మీద. ఇంజిన్ ఏ క్షణాన ఏ స్థితిలో తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పేది అదే. ఆ కబురు ఆగితే కంప్యూటర్ ప్లగ్గులకు కరెంటూ ఇంజెక్టర్లకు పెట్రోలూ రెండూ ఆపేస్తుంది. సెన్సర్ లోపలి సన్నటి తీగచుట్ట వేడికి వ్యాకోచించి తెగి, చల్లబడ్డాక మళ్లీ అతుక్కుంటుంది. అందుకే షెడ్డుకి చేరేసరికి బండిలో ఏ లోపమూ ఉండదు. ఆగినచోటే సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడాలి. ఇంజిన్ తిరుగుతున్నా అది సున్నా చూపిస్తే సెన్సరో దాని వైరో అనుకోవచ్చు. కొన్ని బళ్లలో డాష్‌బోర్డు ముల్లు కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు కాస్త లేస్తుంది. అసలు కదలకపోతే అదో ఆధారం.

గతుకుల్లో ఆగే బండి గురించి అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. జార్జియా రాష్ట్రంలో 2010లో ఒక యువతి తన షెవర్లే కోబాల్ట్ నడుస్తుండగా ఆగిపోతోందని షోరూంలో ఇచ్చింది. ఇంధన వ్యవస్థ శుభ్రం చేసి తిరిగిచ్చారు. ఆ వెంటనే జరిగిన ప్రమాదంలో ఆమె చనిపోయింది. కుటుంబం వేసిన కేసులో పనిచేసిన ఒక ఇంజనీరు పాత కారులోని ఇగ్నిషన్ స్విచ్‌నీ, కొత్తగా కొన్న స్విచ్‌నీ విప్పి పక్కపక్కన పెట్టాడు. పార్టు నంబరు ఒకటే, కానీ కొత్తదాంట్లో తాళాన్ని నిలిపి ఉంచే లోపలి మొన కొంచెం పొడుగ్గా ఉంది. పాతదాంట్లో పట్టు చాలక, తాళంగుత్తి బరువుకో, మోకాలు తగిలో, కుదుపుకో తాళం ఆన్ నుంచి వెనక్కి జారిపోయేది. ఇంజిన్‌తో పాటు పవర్ స్టీరింగ్, ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేయకుండా పోయేవి. నడుస్తూ ఆగిపోవడాన్ని ఆ కంపెనీలో ఏళ్లపాటు భద్రత సమస్యగా కాక వాడేవారి సౌకర్యానికి సంబంధించిన ఫిర్యాదుగా లెక్కగట్టారు. 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. పరిహార నిధి 124 మరణాలను ఆ లోపానికి సంబంధించినవిగా అంగీకరించింది.

మీ బండిలోనూ తాళంచెవికి ఇంటి తాళాలు, బీరువా తాళం, దేవుడి బొమ్మ అన్నీ వేలాడుతుంటే విడదీయండి. ఇంజిన్ నడుస్తుండగా, బండి నిలబెట్టి, తాళాన్ని తిప్పకుండా కొద్దిగా కదిపి చూడండి. లైట్లు మినుకుమంటే స్విచ్ అరిగింది.

స్కానర్ మాట. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి బ్లూటూత్ అడాప్టర్ తగిలిస్తే కోడ్లు ఫోన్‌లోనే చదువుకోవచ్చు. మంచి పనే, కానీ కోడు చూసి పార్టు కొనొద్దు. పి0171 అంటే పెట్రోలు పాలు తక్కువైందని మాత్రమే అర్థం. ఆక్సిజన్ సెన్సర్ పోయిందని కాదు. చీలిన గొట్టమూ, నీరసించిన పంపూ రెండూ అదే కోడు ఇస్తాయి. వీటిని విడదీయడానికి ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు, అంటే కంప్యూటర్ పెట్రోలు పాలుని ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకెలు, చూడండి. ఐడిల్‌లో ఎక్కువగా ప్లస్ చూపించి, రేస్ ఇస్తే తగ్గితే గాలి లీకు. రేస్ ఇచ్చేకొద్దీ పెరిగితే పెట్రోలు చాలడం లేదు. పి0335 అంటే క్రాంక్ సెన్సర్ దారిలో లోపం, దారంటే వైరు, సాకెట్ కూడా. షెడ్డుకి వెళ్లేముందు కోడ్లు చెరిపేయకండి. కోడ్లేవీ లేకపోతే బండి బాగున్నట్టు కూడా కాదు.

డీజిల్ బండికి ప్లగ్గుల గొడవ లేదు. ఫిల్టరులో నీరు, లైనులో ఎయిర్ పట్టడం ముందు చూడాలి. ఫిల్టరు మార్చిన మర్నాడే ఆగడం మొదలైతే జాయింటు సరిగా బిగియలేదన్నమాట. సీఎన్‌జీ కారు గ్యాస్ మీద బాగుండి పెట్రోలు మీదే ఆగుతుంటే, నెలల తరబడి పెట్రోలు వాడక ఇంజెక్టర్లు పట్టేసి ఉండొచ్చు. ట్యాంకులో నిలవపడ్డ పెట్రోలు కూడా కారణం కావచ్చు. రెండింటి మీదా ఆగితే ఇంధనాన్ని వదిలి ప్లగ్గులు, కాయిల్స్, థ్రాటిల్ వైపు వెళ్లండి.

రోడ్డు మీద ఆగినప్పుడు సంగతి ఇది. స్టీరింగ్ బిగుసుకుంటుంది కానీ తిరుగుతుంది, రెండు చేతులా బలంగా తిప్పాలి. బ్రేకు బూస్టర్‌లో ఒకటి రెండు తొక్కులకే సాయం మిగులుతుంది, అందుకని పదేపదే నొక్కి వదలకుండా ఒకే పట్టున నొక్కి పక్కకి చేర్చండి. తాళం పూర్తిగా తీసేస్తే స్టీరింగ్ లాక్ పడొచ్చు, బండి కదులుతుండగా తీయొద్దు. ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ స్టార్ట్ చేసి చూడొచ్చు. జాతీయ రహదారి మీదైతే హజార్డ్ లైట్లు వేసి, దిగి రెయిలింగ్ అవతల నిలబడి 1033కి ఫోన్ చేయండి. పరుగులో ఉండగా టక్కున ఆగిన బండిని, కారణం తెలిసేదాకా హైవే ఎక్కించకండి. కొన్నాళ్లు ఆటోలో తిరిగితే నష్టమేం లేదు.

చివరగా షెడ్డులో మాట్లాడే తీరు. రాసుకున్న నోట్ చదివి వినిపించండి, మీ తీర్పు చెప్పకండి. "పంపు పోయిందేమో చూడు" అంటే మేస్త్రి పంపే చూస్తాడు. "వేడెక్కాకే ఆగుతోంది, లైట్లు అలాగే ఉంటున్నాయి, అరగంటకి స్టార్టవుతోంది" అనండి. ఏ పార్టు మార్చాలన్నా "పోయిందని ఎలా తేల్చావన్నా?" అని అడగండి. "మార్చి చూద్దాం సార్" అన్నది జవాబైతే ఒక రోజు ఆగమనండి. మార్చిన పాత పార్టు సంచిలో వేసి ఇమ్మనండి, అది మీదే. షెడ్డులో ఆగి చూపించని బండైతే ఓ రోజు అక్కడే ఉంచి, ఏ వేళకి ఆగుతోందో ఆ వేళకే, ఏసీ వేసి, మేస్త్రినే నడిపించమనండి. మీరు పక్కసీట్లో కూర్చుని స్కానర్ తెర చూస్తూ ఉండండి.